‘గమనిక’ అని రాస్తే చాలంటున్నారు, రాయనా?

గుంటూరు జిల్లాలో పుట్టి, పద్నాలుగేళ్లుగా అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉంటున్న ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఆమె భర్త బోస్నియావారు. యుద్ధ సమయంలో పదేళ్ల వయసులో తల్లిదండ్రులతో, అన్నగారితో కలిసి శరణార్థిగా ఆ ఊరు చేరారు. ఈమెకు బోస్నియన్ నేర్పింది అత్తగారు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ, సామెతలు చెబుతూ, తప్పు పలికితే మళ్లీ పలికిస్తూ నేర్పారట. ఇప్పుడు ఆ భాషే ఈమెకు జీవనోపాధి. ఆసుపత్రి కాగితాలు, స్కూలు సర్టిఫికెట్లు ఇంగ్లీషులోకి అనువదిస్తుంటారు.

మామగారు పోయాక, ఎనిమిదేళ్ల క్రితం అత్తగారు తుజ్లా దగ్గరి తమ పల్లెకు తిరిగి వెళ్లిపోయారు. ఇంటిని పెద్ద కొడుకు పేర దానంగా రాసి, తాను ఆ ఇంట్లోనే ఉంటున్నారు. ఆ పెద్ద కొడుకు, అంటే ఈమె బావగారు, ఇప్పుడు ఇంటిని అమ్మాలనుకుంటున్నారు. కొనేది భర్త మేనమామ కూతురు. ఆమె అమెరికాలోనే పుట్టింది, బోస్నియన్ చదవలేదు. ఆమె లాయరు ఇంటి కాగితాల ఇంగ్లీషు అనువాదం అడిగారు. ఖర్చెందుకు, ఇంట్లోనే అనువాదకురాలు ఉంది కదా అని ఆ పని ఈమెకు అప్పగించారు.

భూమి పుస్తకం, అంటే భూమి హక్కులు నమోదయ్యే రిజిస్టరు, దాని నకలులో చివరి పేజీలో ఒక పంక్తి ఉంది: ‘జబిల్యెజ్బా జబ్రానె ఓతుజేన్యా ఇ ఓప్తెరెచేన్యా’, దాని పక్కన అత్తగారి పేరు. దాన్ని ఈమె ‘ప్రొహిబిషన్ ఆన్ ఎలియనేషన్ అండ్ ఎన్‌కంబ్రెన్స్’ అని అనువదించారు. బావగారు మూడుసార్లు ఫోను చేశారు. “ఎలియనేషన్ ఏమిటి, ఆ పిల్ల భయపడి పారిపోతుంది. జబిల్యెజ్బా అంటే గమనిక, అంతే కదా? ‘నోట్’ అని రాసి వదిలెయ్యి. అమ్మ ఎలాగూ ఒప్పుకుంది” అన్నారట. భర్త, “అన్నయ్యతో గొడవ ఎందుకు, ఒక్క పంక్తే కదా” అంటున్నారు. ఆ పిల్ల వచ్చే నెలలో బయానా పంపబోతోంది. కాగితాల కట్టలో కడాస్టర్ పత్రం, అంటే భూమి సర్వే రికార్డు, కూడా ఉంది. అందులో ఇంకా మామగారి పేరే ఉందని, దాన్ని ‘ఓనర్’ అని అనువదించానని, అందులో చిక్కేమీ లేదని రాశారు. ‘నా మాట సరైనదేనా? సరైనదైతే, ఇంట్లో శాంతి కోసం కాస్త మెత్తగా రాయడం తప్పా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు చెప్పవలసింది చెబుతాను: ఆ పంక్తికి మీరు చేసిన అనువాదం తప్పు కాదు. మీకు చిక్కు లేదనిపించిన కడాస్టర్ కాగితంలోనే తప్పు ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

యుద్ధం ముగిశాక కొన్నేళ్లు నేను సరయేవోలో ఉన్నాను. ఆ యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందంలోని ఏడో అనుబంధం, ఇళ్లు వదిలి పారిపోయినవారికి వాటిని తిరిగి పొందే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం జనం పట్టుకొచ్చిన కాగితాలను ఇంగ్లీషులోకి మార్చే బల్ల దగ్గర కూర్చున్నాను. అందుకే మీ ఉత్తరంలోని ఆ పంక్తి నాకు కొత్తది కాదు.

మాట దగ్గర మొదలుపెడదాం. ‘ఓతుజేన్యె’లో ఉన్నది ‘తుజ్’ అనే చిన్న పదం. తుజ్ అంటే పరాయివారిది, ఇంకొకరిది. ఓతుజేన్యె అంటే తనదాన్ని పరాయివారిది చేయడం. ఇంగ్లీషు ‘ఎలియనేషన్’ వెనక ఉన్న లాటిన్ ‘అలియేనుస్’కూ అదే అర్థం. మన దస్తావేజుల భాషలో దీనికి తూచినట్టు సరిపోయే మాట ఉంది: అన్యాక్రాంతం. తుజ్, అలియేనుస్, అన్య. మూడు భాషలూ ఒకే తలుపు తట్టాయి. ‘ఓప్తెరెచేన్యె’ కూడా అంతే. ‘తెరెత్’ అంటే బరువు. భూమి మీద బరువు పెట్టడం అంటే తాకట్టు లాంటివి. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ అడుగుతాం కదా, దాని తెలుగు పేరులో ‘రుణభారం’ అని ఉన్నది ఈ బరువే. మీ ఊళ్లో తాతలు రాసిన వీలునామాల్లో ‘జీవించి ఉన్నంతకాలం అనుభవించుటకు, దాన విక్రయాది హక్కులు లేకుండా’ అన్న వాక్యం మీరు వినే ఉంటారు. తుజ్లా దగ్గరి ఇంటి మీద ఉన్నది దాదాపు అదే. కాకపోతే ఇక్కడ చేతులు కట్టేసింది కొడుకువి, నీడ దొరికింది తల్లికి.

బావగారి వాదనలో అక్షరాలా ఒక నిజం ఉంది, అందుకే అది మిమ్మల్ని తడబడేలా చేసింది. జబిల్యెజ్బా అన్న పదం ‘రాసి పెట్టుకోవడం’ నుంచి వచ్చినదే. నిఘంటువు తీస్తే ‘నోట్’ అనే ఉంటుంది. కానీ మీ చేతిలో ఉన్నది ఉత్తరం కాదు, భూమి పుస్తకం. ఆస్ట్రియా-హంగరీ 1878లో బోస్నియాను తన అధీనంలోకి తీసుకున్న తర్వాత తెచ్చిన పద్ధతి అది. ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ ‘గ్రుంతోవ్నిత్సా’ అనే అంటారు, అందులో జర్మన్ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ పుస్తకంలో మూడు రకాల నమోదులుంటాయి. హక్కు పూర్తిగా, షరతు లేకుండా ఎక్కితే ‘ఉక్న్యిజ్బా’. కాగితాల్లో ఏదో కొరవ ఉండి, అది తీరేదాకా తాత్కాలికంగా ఎక్కితే ‘ప్రెద్‌బిల్యెజ్బా’. చట్టపరంగా లోకానికి తెలియవలసిన సంగతిని చాటేది ‘జబిల్యెజ్బా’. అక్కడ ‘గమనిక’ అంటే ‘ఈ ఇంటి జోలికి వచ్చే ప్రతివారూ ఇది తెలుసుకోండి’ అన్న బహిరంగ ప్రకటన. ఇంగ్లీషులో ‘ఎనోటేషన్’ అనండి, కానీ దేనికి ఎనోటేషనో ఆ నిషేధాన్ని పూర్తిగా రాయండి. ‘నోట్’ అని రాసి మిగతాది వదిలేయడమంటే, ‘హెచ్చరిక’ అని బోర్డు పెట్టి దాని కింద ‘లోతైన గుంత’ అన్న మాటలు చెరిపేయడమే.

‘రెస్ట్రిక్షన్’ అంటే మెత్తగా ఉంటుందేమోనని కూడా అడిగారు. జబ్రానా అంటే నిషేధం. ఆంక్ష వేరు, నిషేధం వేరు. 1977లో వచ్చిన మన అసైన్డ్ భూముల చట్టం పేరులోనే ‘బదిలీ నిషేధం’ అని ఉంది. దాన్ని ఎవరైనా ‘బదిలీ పరిమితి’ అని అనువదిస్తే, అసైన్డ్ పట్టా చేతిలో ఉన్న రైతుకు జరిగే నష్టం మీకు వెంటనే తెలుస్తుంది. ఇదీ అంతే.

అయితే మీ అనువాదం తప్పు కాదన్నాను గానీ, చాలు అనలేదు. దానికి ఒక కారణం ఉంది. అమెరికా లాయరు ‘ప్రొహిబిషన్ ఆన్ ఎలియనేషన్’ చదవగానే ఆయన బుర్రలోకి తన చట్టం వస్తుంది. ఇంగ్లీషు న్యాయసంప్రదాయంలో, ఒకరికి ఆస్తి ఇచ్చి ‘ఎప్పటికీ ఎవరికీ అమ్మకూడదు’ అని పూర్తిగా కట్టేసే షరతు సాధారణంగా చెల్లదు. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ చెప్పేదీ అదే. కాబట్టి ఆ లాయరు, ‘ఓహో, చెల్లని షరతు’ అనుకుని మీ పంక్తిని దాటేసే ప్రమాదం ఉంది. బోస్నియా అలా ఆలోచించే దేశం కాదు. అక్కడి ఆలోచన ఆస్ట్రియా నుంచి వచ్చింది. ఆస్ట్రియా పౌరస్మృతిలో తల్లిదండ్రులు, పిల్లల మధ్య ఇలాంటి నిషేధం భూమి పుస్తకంలోకి ఎక్కితే, కొనేవాళ్లను కూడా కట్టేస్తుంది. బోస్నియాలో ప్రధానంగా రెండు పాలనా భాగాలున్నాయి. మీ అత్తగారి ఇల్లు ఉన్న ఫెడరేషన్‌కు 2013 నాటి సొంత చట్టం ఉంది. రెపుబ్లికా స్ర్ప్‌స్కాకు 2008 నాటిది వేరే ఉంది. ఈ ప్రత్యేక కాగితానికి ఏ సూత్రం ఎలా వర్తిస్తుందో తేల్చడం అక్కడి నోతార్ (ఆస్తి పత్రాలు రాసే అధికారి) పని, మీది కాదు. మీరు చేయవలసింది పేజీ కింద అనువాదకురాలి వివరణగా రెండు వాక్యాలు: ఇది ఫలానా ఒప్పందం ఆధారంగా భూమి పుస్తకంలో ఎక్కిన నిషేధం, అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు లాంటివి దీని కిందికి వస్తాయి, దీని చట్టపరమైన ఫలితాన్ని బోస్నియా చట్టం ప్రకారం చూడాలి. అంతకు మించి ఒక్క మాట వద్దు. ‘తల్లి అనుమతి లేకుండా’ అన్న మాట మూలంలో ఉంటే రాయండి. లేకపోతే, న్యాయంగా తోచినా మీరు చేర్చకండి. మెత్తబరచడం ఎంత తప్పో, గట్టిపరచడమూ అంతే.

ఇక నోతార్. ఆ మాట వచ్చిన చోటల్లా మీరు ‘నోటరీ పబ్లిక్’ అని రాశారు. అమెరికాలో నోటరీ పబ్లిక్ అంటే సంతకం మీదేనని చూసి ముద్ర వేసే వ్యక్తి. బోస్నియా నోతార్ న్యాయశాస్త్రం చదివినవారు, ఆస్తి బదిలీ పత్రం తానే రాసి, ఇద్దరికీ చదివి వినిపించే అధికారి. ఇలాంటి నోతార్లు అక్కడ పనిలోకి వచ్చింది 2007 నుంచి. ‘సివిల్ లా నోటరీ’ అంటే లాయరుకు తేడా తెలుస్తుంది.

కడాస్టర్ కాగితం సంగతి. ఇది చిన్న పొరపాటు కాదమ్మా. అక్కడ మామగారి పేరు ఎదురుగా ఉన్న మాట ‘పొస్యెద్నిక్’. అంటే స్వాధీనంలో ఉన్నవాడు, ‘పొసెసర్’. యజమాని ‘వ్లాస్నిక్’, ఆ మాట భూమి పుస్తకంలో ఉంటుంది. బోస్నియాలో ఈ రెండు రికార్డులూ చాలాచోట్ల కలవవు. ఒకదాంట్లో కొడుకు, ఇంకొకదాంట్లో ఎప్పుడో చనిపోయిన తాత. మన పాత పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు ఉండేవి, గుర్తుందా? మీరు అనుభవదారును పట్టాదారుగా రాశారు. నేనూ సరయేవోలో మొదటి నెలల్లో ఇదే తప్పు చేశాను. ఒక వితంతువు కాగితంలో పొస్యెద్నిక్‌ను ‘ఓనర్’ అన్నాను. నాకంటే పెద్దావిడ, బోస్నియన్ సహోద్యోగి, ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, “ఈమెకు లేని ఇల్లు నువ్వు ఇచ్చావు, రేపు వేరేవాళ్లు వచ్చి లాక్కుంటారు, ఆ ఏడుపు నువ్వు వింటావా?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీ అనువాదం ఇంకా లాయరు చేతికి వెళ్లలేదంటున్నారు కాబట్టి, ఈ రోజే దిద్దండి.

(పాత కాగితాల్లో ఎక్కడైనా ‘తాపియా’, ‘వకుఫ్’ కనిపిస్తే కంగారు పడకండి. అవి ఒట్టోమన్ల కాలం నాటి మాటలు. తాపియా అంటే పట్టా. వకుఫ్ అంటే హైదరాబాదు నిజాం కాలం నుంచి మనకు తెలిసిన వక్ఫే, ఒకే అరబ్బీ మాట రెండు సామ్రాజ్యాల గుండా రెండు దిక్కులకు వెళ్లింది.)

ఇప్పుడు మీ అసలు బాధ.

ఆ పంక్తి అక్కడ ఎందుకు ఉందో ఒక్కసారి ఆలోచించండి. మీ అత్తగారు యుద్ధంలో ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న మనిషి. తిరిగి దక్కిన ఇంటిని కొడుక్కి రాసి ఇచ్చేటప్పుడు, నోతార్ ముందు కూర్చుని, ‘నేను బతికున్నంతవరకు దీన్ని ఎవరూ కదల్చకూడదు’ అని అడిగి రాయించుకున్నారు. అది కొడుకు మీద అపనమ్మకం కానక్కర్లేదు. కాగితాలతో ఇళ్లు చేతులు మారడం కళ్లారా చూసిన మనిషి జాగ్రత్త అది. మీకు ఆ భాష నేర్పింది ఆవిడే. ఆ మాటల్లో ఆవిడ తనకోసం కట్టుకున్న గోడను, అదే మాటలతో మీ చేతుల మీదుగా తీసేయమని అడుగుతున్నారు. మీ మనసు ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

‘అమ్మ ఒప్పుకుంది’ అంటున్నారు బావగారు. నిజమే కావచ్చు. నిజమైతే, ఇంతకంటే సులువైన దారి ఉంది, అది మీ అనువాదంలో లేదు. ఆ నిషేధం ఎవరికోసం ఎక్కిందో ఆవిడే నోతార్ దగ్గరకు వెళ్లి, దాన్ని తొలగించడానికి తన సమ్మతి రాసి ఇవ్వవచ్చు. ఆ కాగితంతో తుజ్లా మునిసిపల్ కోర్టులోని భూమి పుస్తకంలో ఆ పంక్తి తొలగిపోతుంది. ఆ తర్వాత తీసిన నకలులో ఆ పంక్తి ఉండదు, మీరు అనువదించే పనీ ఉండదు. అమ్మ ఒప్పుకుందన్న మాటకు అసలైన పరీక్ష ఇది. ఆవిడ నోతార్ దగ్గరకు రావడానికి సిద్ధంగా లేకపోతే, ఒప్పుకోలేదనే అర్థం. బావగారికి మీరు ఈ దారి చూపించవచ్చు. మీరు అడ్డం పడుతున్నారన్న మాట పోతుంది, పని ఎలా జరుగుతుందో చూపించినవారవుతారు. ఆ దారి ఆయనకు నచ్చకపోతే, మీరు తెలుసుకోవలసింది అప్పుడే తెలుస్తుంది.

బావగారు చెప్పినట్టే రాస్తే ఏమవుతుందో కూడా సూటిగా చెప్పాలి. అమ్మకం పత్రం చివరికి సాధారణంగా బోస్నియా నోతార్ దగ్గరే రాస్తారు. ఆయన తాజా నకలు చూస్తారు, ఆ పంక్తి కళ్ల ముందుకు వస్తుంది. కానీ అప్పటికే ఆ పిల్ల మీ అనువాదాన్ని నమ్మి బయానా పంపేసి ఉంటుంది. అక్కడ దాన్ని ‘కపారా’ అంటారు. 1978 యుగోస్లావ్ కాలం నాటి బాధ్యతల చట్టం అక్కడ ఇంకా నడుస్తోంది. కపారా తీసుకున్నవాడి తప్పువల్ల ఒప్పందం ఆగిపోతే, ఇచ్చినవాడు రెట్టింపు అడిగే వీలు ఆ చట్టంలో ఉంది. అంటే ఈ దాపరికంతో చేయి కాల్చుకునేవారిలో బావగారే మొదటివారు కావచ్చు. ఈ మాట ఆయనకు చెప్పండి, మీ నీతి గురించి చెప్పడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. మీ సంగతి వేరే ఉంది. అమెరికాలో అనువాదకులు ‘ఇది పూర్తి, సరైన అనువాదం’ అని ధ్రువపత్రం మీద సంతకం పెడతారు. అది మీ పేరు. ఆసుపత్రి కాగితాలు మీ చేతికి వచ్చేది ఆ పేరును నమ్మే.

మీరు తప్పుకోవచ్చు కూడా. ‘ఇంట్లో మనిషిని, ఇది నేను చేయకూడదు’ అని లాయరుకు ఒక్క వాక్యం రాసి పక్కకు జరగవచ్చు. నిజానికి మొదటి రోజు నన్ను అడిగి ఉంటే అదే చెప్పేదాన్ని. ఆస్తితో సంబంధం ఉన్న కుటుంబ సభ్యులు ఆ ఆస్తి కాగితాన్ని అనువదించకపోవడం మంచిది. బోస్నియాలో ప్రభుత్వం నియమించిన ‘సుద్‌స్కి తుమాచ్’లు, అంటే కోర్టు అనువాదకులు ఉంటారు. వారి ముద్రతో వచ్చిన ఇంగ్లీషు పత్రానికి విలువ ఎక్కువ, బావగారి ఫోన్లు మీకు రావు. ఇందులో ఇబ్బంది ఒకటే: ఆ పంక్తి సంగతి మీకు తెలుసు, ఆ పిల్లకు తెలియదు. మీరు తప్పుకున్నాక కూడా ఇంట్లో ఎవరైనా ‘మామూలు నోటే’ అని నోటిమాటగా చెప్పి బయానా పంపించేస్తే, మీరు మౌనంగా ఉండగలరా? ఉండలేరని మీ ఉత్తరం చదివాక నాకు అనిపిస్తోంది. అందుకని తప్పుకున్నా, అసలు అనువాదం రాకముందు డబ్బు పంపవద్దని ఆమెకు చెప్పి తప్పుకోండి. కారణాలు చెప్పనక్కర్లేదు.

లేదా పని పూర్తి చేయండి, ఉన్నది ఉన్నట్టు, నేను చెప్పిన వివరణతో. ఇది చేస్తే ఇంట్లో కొన్నాళ్లు మాటలుండకపోవచ్చు. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను. బావగారి ఇల్లు మీ ఇంటికి రెండు వీధుల అవతలే అని రాశారు, పండగలు పబ్బాలు అందరూ కలిసి చేసుకుంటారు. ఆ బరువు మోసేది మీరు. అందుకే మీ వారితో ముందు మాట్లాడండి, పంక్తి గురించి కాకుండా వాళ్లమ్మ గురించి. ‘ఒక్క పంక్తే కదా’ అన్న మనిషికి ఆ పంక్తిలో ఏముందో బోస్నియన్‌లోనే చదివి వినిపించండి. ఆయన పదేళ్లప్పుడు వదిలి వచ్చిన భాష అది, కోర్టు మాటలు ఆయనకూ తెలియకపోవచ్చు. తుజ్ అంటే ఏమిటో ఆయనకు చెప్పనక్కర్లేదు.

మీరు అడగని సంగతి ఒకటి. మీ దగ్గరున్న నకలు తేదీ రెండేళ్ల కిందటిదని రాశారు. ఏ దారి ఎంచుకున్నా ముందు తాజా ‘ఇజ్వాదాక్’, అంటే భూమి పుస్తకం నకలు, తెప్పించండి. మూడో భాగం, బరువుల పేజీ, ‘తెరెత్ని లిస్ట్’, మొత్తం చదవండి. అక్కడ ‘ప్లొదొఉజివాన్యె’ అన్న మాట ఉందేమో చూడండి. ‘ప్లొద్’ అంటే పండు. అత్తగారికి జీవితాంతం ఆ ఇంటి ఫలం అనుభవించే హక్కు విడిగా ఎక్కి ఉంటే, అది వేరే పంక్తి, ‘యూజుఫ్రక్ట్’ అని వేరే మాట. దాన్ని నిషేధంతో కలిపేయకూడదు. నిషేధం తీసేసినా అది అలాగే ఉంటుంది, కొనేవాళ్లకు ఇల్లు దక్కినా ఇంట్లో ఆవిడ ఉంటారు. అలా ఉంటే ఆ పిల్లకు ఆ సంగతి కూడా బయానాకు ముందే తెలియాలి. ‘ప్రెచా కుపోవినా’ లేదా ‘ప్ర్వొకుప్’ అన్న మాటలు కనిపిస్తే అది అమ్మేటప్పుడు ముందుగా ఒకరిని అడగవలసిన హక్కు, ‘ప్రి-ఎంప్షన్’ అనండి. మాటల మీద అనుమానం వస్తే, అక్కడ డేటన్ ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ ఉన్నత ప్రతినిధి కార్యాలయం నిర్ణయాలు స్థానిక భాషల్లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. 2005లో ప్రభుత్వ ఆస్తుల బదిలీని ఆపిన చట్టంలో ‘రస్పొలాగాన్యె’ను ‘డిస్పోజల్’ అన్నారు. రెండు పక్కపక్కన పెట్టుకుని చదవండి, నిఘంటువు కంటే మేలు.

నకలు వచ్చాక అత్తగారికి ఒకసారి ఫోను చేయండి. అమ్మకం సంగతి ఎత్తకుండా, ఆ పంక్తి చదివి, ‘దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు సరిగా తెలియడం లేదు, అసలు మీరు ఎందుకు రాయించుకున్నారు’ అని అడగండి. ఎప్పటిలాగే ఆవిడ నేర్పుతారు.